ట్యాగు కట్టిన ఫిల్టర్లు

ఆదివారం ఉదయం ఏడింటికి రికార్డు రూము సూపరింటెండెంటు గారు చేతిలో స్క్రూడ్రైవరుతో, ఒంట్లో వారం రోజుల అలసటతో తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందు నిలబడ్డారు. పని చిన్నదే. బయటి గాలిని వడగట్టి బండిలోకి పంపే ఫిల్టర్లు రెండున్నాయి. పదకొండేళ్లుగా వాటి ముఖం చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఏసీ వేస్తే నానిన గోనెసంచి వాసన. పాతవి తీసి కొత్తవి పెట్టేస్తే ఎనిమిదింటికల్లా మళ్లీ నడుం వాల్చవచ్చు.

భార్య గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ స్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఇంట్లో కూడా ఆ ఉద్యోగం మానలేదు.

“పది గంటలకి హార్డ్‌వేర్ షాపాయన బండి చూడ్డానికొస్తున్నాడు. ఈలోగా వాసన పోయిందా, ఆయన్ని పంపించేస్తాను. పోలేదా, బండిని పంపించేస్తాను.”

“ఎన్ని కొండలెక్కింది ఈ బండి!”

“ఎక్కింది. ఎక్కినంతసేపూ నేను ముక్కు మూసుకునే కూర్చున్నాను.”

సూపరింటెండెంటు గారికి ఆ బండంటే ప్రాణం. ఆఫీసులో ఆయన మాట వినేవాళ్లు లేరు. ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన చెప్పినట్టు నడుచుకునేది లోకంలో అదొక్కటే. అది కూడా పోతుందంటే ఆయనకు నిజంగానే దిగులు పుట్టింది.

అయితే ఇరవయ్యేడేళ్ల సర్వీసు ఆయన్ని ఏ పనీ తిన్నగా చేయనివ్వదు. చేతికొచ్చిన ప్రతి వస్తువుకీ దారంతో అట్టముక్క కట్టి, పేరూ నంబరూ రాస్తే తప్ప కింద పెట్టరు. డ్యాష్‌బోర్డు అరకి ఆరు స్క్రూలుంటే ఆరింటికీ ఆరు ట్యాగులు. ఆ అర ఊడి చేతికొచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది.

దాని వెనకనుంచి ఫిల్టర్లు బయటికి లాగితే ఎండుటాకులు, ఈకలు, ఏ ఎలుకో తీరిగ్గా కొరికి దాచుకున్న దూదీ రాలాయి. వాటికి ‘పాత 1’, ‘పాత 2’ అనీ, అట్టపెట్టెలోంచి తీసినవాటికి ‘కొత్త 1’, ‘కొత్త 2’ అనీ ట్యాగులు కట్టి, నాలుగింటినీ అరుగుమీద వరసగా పేర్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లారు. దారిలో కుర్చీ కనిపించింది. కూర్చున్నారు. కన్నంటుకుంది.

ఈలోగా ఆయన అత్తగారు అరుగుమీదికి వచ్చారు. మురికి కంటపడితే ఆవిడ చేతులు ఊరుకోవు. నాలుగూ కడిగేద్దామని ముందు నాలుగు ట్యాగులూ విప్పేశారు. తీరా చూస్తే రెండు శుభ్రంగానే ఉన్నాయి. మిగతా రెండింటినీ సబ్బునీళ్లలో ముంచి, బ్రష్షు పెట్టి తోమి, జాడించి, ఎండలో కాసేపు ఉంచారు. ఆ తర్వాత ఎవరి సొమ్ము వాళ్లకి అప్పజెప్పాలి కదా అని, కళ్లజోడు లోపలుంది గనుక, చేతికందిన ట్యాగు చేతికందినదానికి కట్టేశారు.

సూపరింటెండెంటు గారు ఉలిక్కిపడి లేచేసరికి తొమ్మిదిన్నర. పరుగున వస్తే అత్తగారు ఎదురయ్యారు.

“అల్లుడుగారూ, మీ పాతవి రెండూ కడిగేశాను. ఎలా ఉన్నాయో చూడండి!”

ఆయన ‘పాత’ అన్న ట్యాగులున్నవి చూశారు. మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

“అత్తయ్యగారూ! కంపెనీవాడు కూడా ఇంత తెల్లగా చేసి ఉండడు!”

“ఏదోలెండి, చేతనైనంత,” అని ఆవిడ సిగ్గుపడ్డారు.

ఆయన ‘కొత్త’ ట్యాగులున్నవి చేతిలోకి తీసుకున్నారు. బూడిదరంగులో, కాస్త వంకరగా, తడితడిగా తగిలాయి. తడి అని చెయ్యి చెప్పింది. పాత అని కన్ను చెప్పింది. ట్యాగు మాత్రం ‘కొత్త’ అంది. రికార్డులో ఉన్నదాన్ని కాదనడం ఆయన సర్వీసులోనే లేదు. ఈ మధ్య రంగు మార్చారు కాబోలని సరిపెట్టుకుని బిగించేశారు.

భార్య వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఆయన ఏసీ వేశారు. నానిన గోనెసంచికి సబ్బు పట్టించిన వాసన బండంతా కమ్మింది. ఒక తడి ఈక ఎగిరొచ్చి ఆవిడ నుదుటి మీద అంటుకుంది.

“ఇంక ఒక్క మాట మాట్లాడకండి,” అని ఆవిడ దిగిపోయింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హార్డ్‌వేర్ షాపాయన దగ్గు వినిపించింది. సూపరింటెండెంటు గారు మెట్టుమీద చతికిలబడ్డారు. బతిమాలే ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు.

నుదురు తుడుచుకుంటున్న భార్య అరుగు దగ్గర ఆగింది.

“ఏవండీ, ఈ పాతవేంటి ఇంత తెల్లగా ఉన్నాయి?”

“మీ అమ్మగారు కడిగారు.”

“మా అమ్మ కడిగితే మడతలు కూడా నలక్కుండా ఉంటాయా?”

“ట్యాగు చూడు.”

“ట్యాగు కాదు, వస్తువు చూడండి!”

ఆవిడ రెండూ పట్టుకెళ్లి, ఏ ట్యాగూ కట్టకుండా అయిదు నిమిషాల్లో మార్చేసింది. ఏసీ వేసింది. చల్లటి, వాసనలేని గాలి వచ్చింది. కాసేపు అలాగే కూర్చుని, షాపాయన్ని వెనక ఎక్కించుకుని, తనే స్టీరింగు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చింది.

“ఇంత మంచి బండి ఎందుకమ్ముతున్నారమ్మా?” అన్నాడాయన దిగుతూ.

“అదే నేనూ అనుకుంటున్నానండీ. అమ్మడం లేదు,” అంది ఆవిడ.

సూపరింటెండెంటు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య ఆయనకు ఇంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు. తాళం కోసం చెయ్యి చాపారు.

ఆవిడ తాళం తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

“రేపట్నుంచి నేను దీంట్లోనే స్కూలుకెళ్తాను. ఎంత హాయిగా ఉందో!”

సోమవారం బస్సులో సూపరింటెండెంటు గారికి కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడవునా ధారాళంగా గాలి వచ్చింది, దుమ్ముతో సహా.