బామ్మర్ది చెవికి మాత్రమే

ఆదివారం పొద్దున తీగలయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఎర్ర డబ్బాను ఒకసారి పరీక్షించుకోవాలి, వైర్లన్నీ చుట్టలు చుట్టి సంచిలో పడేసుకోవాలి, మధ్యాహ్నం ప్రదర్శనకు భార్యనూ బామ్మర్దినీ వెంటబెట్టుకుని హాలుకు వెళ్లాలి. ఇందులో తేడా రావడానికి చోటే లేదు. అయితే తేడా అనేది చోటు చూసుకుని వచ్చే చుట్టం కాదు. తలుపు ఓరగా ఉంటే చాలు, సామానుతో సహా దిగిపోతుంది.

తీగలయ్య అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆ ఇంట్లో ఎక్కడ అడుగేసినా కాలికి ఏదో ఒక వైరు తగులుతుందని బామ్మర్ది పెట్టిన పేరు. భార్య పాడుతుంది, ఆమె తమ్ముడు డ్రమ్ములు వాయిస్తాడు, తీగలయ్య కీబోర్డు మీద కూర్చుంటాడు. మిగిలిన వయొలిన్లనూ వేణువునూ ముందే రికార్డు చేసి కంప్యూటర్లో కూర్చోబెట్టాడు. ఆలస్యంగా రాని, అలగని, అన్నం అడగని వాద్యబృందం అది. వాళ్లంతా కంప్యూటర్లోంచి బయటికి రావాలంటే దారి ఎర్ర డబ్బాయే. దుకాణంలో దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. దాని వీపున రెండు జతల రంధ్రాలున్నాయి. మొదటి జతలోంచి వాద్యాలు హాలు స్పీకర్లకు వెళ్తాయి. రెండో జతలోంచి టిక్కుటిక్కుమనే తాళమూ, తీగలయ్య గొంతుతో రికార్డు చేసిన హెచ్చరికలూ బామ్మర్ది ఇయర్‌ఫోన్లకు వెళ్తాయి. అంటే తాళం వేసేది బామ్మర్దే గానీ, తాళం చెవి బావ చేతిలో ఉందన్నమాట.

ఆ ఏర్పాటు ఎందుకంటే, బామ్మర్ది చేతికి కర్రలిస్తే చాలు, పాట అతని వెనక పరుగెత్తాల్సిందే. అక్క ఇంకా పల్లవిలో ఉండగా తమ్ముడు చరణం దాటి చప్పట్ల కోసం ఎదురుచూస్తుంటాడు.

ఈసారి అలా జరగడానికి వీల్లేదు. ఆ హాలులో శనివారం సాయంత్రాలు ఏడాది పొడుగునా ఒకే బృందానికి ఇస్తారు. ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి మేనేజరమ్మ ఇవాళ స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. తీగలయ్య భార్య ఏళ్ల తరబడి వేరేవాళ్ల వెనక నిలబడి కోరస్ పాడిన మనిషి. "ఈ శనివారాలు రాకపోతే నేను మళ్లీ వెనక వరసకే పోతానండీ. ఇంక ముందుకు రమ్మని నన్నడగొద్దు" అని ఆమె నిన్ననే చెప్పేసింది. కోపంగా చెప్పి ఉంటే తీగలయ్య భయపడేవాడు కాదు. బట్టలు మడతపెడుతూ మామూలుగా చెప్పింది.

పొద్దున ఆమె గదిలో గొంతు సవరించుకుంటోందని, తీగలయ్య చప్పుడు చేయకుండా డబ్బాకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఆ హెడ్‌ఫోన్లలో మొదటి జత మాత్రమే వినిపిస్తుంది. తనకు కావలసినవేమో రెండో జతలో ఉన్న హెచ్చరికలు. అందుకని కంప్యూటర్లో రెండు జతలనూ అటుదిటు, ఇటుదటు మార్చి, తృప్తిగా విని, మూతపెట్టి సంచిలో పెట్టేశాడు. మార్చింది మళ్లీ మార్చలేదు.

"వాడికి ఏం రికార్డు చేశారేంటి?" అని భార్య లోపల్నుంచి అడిగింది.

"ఏముంది, ఒకటి రెండు మూడు నాలుగు" అన్నాడు తీగలయ్య.

హాలులో అన్నీ కలిపి మీట నొక్కగానే పెద్ద స్పీకర్లలోంచి టిక్కుటిక్కుమంది. తీగలయ్యకు వెంటనే విషయం తట్టింది. తన తప్పే. కానీ పెళ్లాం ముందు, బామ్మర్ది ముందు, పైగా సౌండు బల్ల దగ్గరున్న హాలాయన ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇదంతా మామూలేనన్నట్టు ఒక దగ్గు దగ్గి, మంచినీళ్ల కోసం వెళ్లాడు. ఎవరూ చూడనప్పుడు సరిచేద్దామని ఆయన ఉద్దేశం.

ఆ కుటుంబంలో ఎవరూ తప్పు ఒప్పుకోరు, ఎవరూ సాయం చెప్పి చేయరు. బావ వైర్లు తిరగేసి గుచ్చాడని బామ్మర్ది అనుకున్నాడు. పైకి అంటే నొచ్చుకుంటాడని, డబ్బా వెనక్కి చెయ్యి పోనిచ్చి రెండు జతలనూ చడీచప్పుడు లేకుండా మార్చేశాడు. అంతా సరిపోయింది. ఆ వెంటనే తీగలయ్య నీళ్లు తాగి వచ్చి, అటూఇటూ చూసి, కంప్యూటర్లో తన తప్పును చడీచప్పుడు లేకుండా దిద్దుకున్నాడు. రెండు ఒప్పులు కలిసి మళ్లీ ఒక తప్పయింది. ఇంకోసారి మోగించి చూద్దామనేలోగా మేనేజరమ్మ తలుపులు తీయించింది. జనం లోపలికొచ్చారు. బావా బామ్మర్దీ ఒకరికొకరు ఉపకారం చేసిన ముఖాలతో తమ తమ చోట్ల కూర్చున్నారు.

తెర లేచింది. తీగలయ్య మీట నొక్కాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది హాలంతా తీగలయ్య గొంతు. "ఒరేయ్ బామ్మర్దీ, మెల్లగా. నీ వెనకాల కుక్కలేం తరమట్లేదు."

హాలు గొల్లుమంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తీగలయ్య మాట పెదవీ, ఎర్ర డబ్బా రెండూ దాటింది. చెవులు పూర్తిగా మూసుకున్న బామ్మర్దికి ఇవేవీ వినబడటం లేదు. అతని ఇయర్‌ఫోన్లలో వయొలిన్లు కమ్మగా మోగుతున్నాయి. టిక్కుటిక్కు లేదు, తిట్లు లేవు. బావ ఇన్నాళ్లకు తనను నమ్మాడనుకుని అతని గుండె పొంగింది. ఆ నమ్మకాన్ని నిలబెట్టాలని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిదానంగా వాయించాడు.

తీగలయ్య రెండు చేతులూ కీబోర్డు మీద ఇరుక్కుపోయాయి. ఒక చెయ్యి లాక్కుని, దూరంగా ఉన్న హాలాయనకు మెడ మీద అడ్డంగా గీసి చూపించాడు, గొంతు కోసెయ్యమని. హాలాయన ఇదేదో హాస్య కార్యక్రమమని అప్పటికే ఖాయం చేసుకున్నాడు. గొంతు పెంచమంటున్నాడని అర్థం చేసుకుని పెంచాడు.

"కర్రలు పెట్టేసి, మెత్తగా మోగే బ్రష్షులు తీసుకో. కర్రలంటే రెండూనురా. మీ అక్క ఇక్కడ ఊపిరి తీసుకుంటుంది, అందులో నువ్వు దూరకు. ముందు వరస వైపు చూడకు. ఆ మేనేజరమ్మ నవ్వదు, నవ్వించాలని పళ్లికిలించకు."

తలలన్నీ మేనేజరమ్మ వైపు తిరిగాయి. ఆమె పెదవులు బిగించి ముందుకే చూస్తోంది. తీగలయ్య కళ్లకు శనివారాలన్నీ ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగి వెళ్లిపోతున్నట్టు కనిపించింది. భార్య మాత్రం పాడుతూనే ఉంది. మొదటి నవ్వుకు ఆమె గొంతు వణికింది. రెండో నవ్వుకు కుదురుకుంది. మూడోదానికి తానే చిన్నగా నవ్వి, ఆ నవ్వును పాటలో కలిపేసుకుంది.

పాటకూ పాటకూ మధ్య చప్పట్లలో తీగలయ్య డబ్బా మీదికి వంగాడు. భార్య మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనివ్వండి" అంది.

"నీకు తెలీదు. చివరి పాటలో..."

"ఏముందేంటి? ఒకటి రెండు మూడు నాలుగేగా?"

చివరి పాట మొదలైంది. అందులో ఒకచోట వాద్యాలన్నీ ఆగిపోతాయి. దాని గురించి ఇంట్లో నెలపాటు పోట్లాట జరిగింది. తనను నడిమధ్యలో ఒంటరిగా వదిలేస్తున్నారని ఆమె, కంప్యూటర్లో చోటు చాల్లేదని ఆయన. ఆ చోటు ఇప్పుడు దగ్గర పడుతోంది. తీగలయ్య కళ్లు మూసుకున్నాడు. చెవులు మూసుకునే వీలు లేకపోయింది.

"ఇక్కడ ఆపెయ్" అంది స్పీకర్లలోంచి ఆయన గొంతు, ఈసారి నెమ్మదిగా. "నేనూ ఆపేస్తా, వయొలిన్లూ ఆగిపోతాయి. ఇక్కడ మనమెవరం అక్కర్లేదురా. మీ అక్క ఒక్కత్తి చాలు. ఊరికే కూర్చుని విను."

ఎవరూ నవ్వలేదు. చెవిలో వయొలిన్లు ఆగగానే బామ్మర్ది కూడా వాయించడం ఆపేశాడు. ఆమె ఒక్క క్షణం భర్త వైపు చూసి, మళ్లీ జనం వైపు తిరిగి పాట ఎత్తుకుంది. అన్నేళ్లు వెనక వరసలో దాచిపెట్టిన గొంతంతా అప్పుడు బయటికొచ్చింది. ఆ పైస్వరం హాలు కప్పు దాకా వెళ్లి, అక్కడ తీరిగ్గా నిలబడి, తనకు ఇష్టమైనప్పుడు దిగింది. అది దిగేసరికి జనం లేచి నిలబడ్డారు. చప్పట్లకు తాళమూ లేదు, తాళం చెవీ లేదు.

బామ్మర్ది ఇయర్‌ఫోన్లు లాగి, అంత హోరు విని బిత్తరపోయాడు. "బావా, నేను అంత బాగా వాయించానా?"

"ఇవాళ వాయించావురా" అన్నాడు తీగలయ్య. అబద్ధం కాదు.

మేనేజరమ్మ వేదిక ఎక్కి వచ్చింది. తీగలయ్య తనకు తెలిసిన క్షమాపణలన్నీ కూడగట్టుకుంటున్నాడు. ఆమె ఆయన్ని దాటుకుని నేరుగా గాయని దగ్గరికి వెళ్లింది.

"శనివారాలు మీవమ్మా. మీ గొంతుకే ఇస్తున్నాను. ఆయన గొంతు మాత్రం తీసెయ్యకండి, జనం దానికీ వస్తారు." అప్పుడు తీగలయ్య వైపు తిరిగింది. "నేను నవ్వనన్న ముక్క ఒక్కటీ తీసేస్తే బాగుంటుంది." ఆ మాట ముగించే దాకా కూడా ఆగలేక పకపకా నవ్వేసింది.

ఆ వారంలోనే హాలు గోడకు పోస్టరు పడింది. గాయని పేరు కింద, రెండో గాత్రం అని తీగలయ్య పేరుంది. ఆయన ఇంతవరకూ ఒక్క స్వరం కూడా పాడలేదు.