నీళ్లు గీసిన గీత

ఆ రోజు బడికి తనిఖీ అధికారి వస్తున్నారు. మూడో తరగతి టీచరుకు పోయినసారి 'పిల్లలకు అర్థం కాలేదు' అని రిమార్కు పడింది. ఇంకొకటి పడితే ఉద్యోగం ఉండదని హెడ్మాస్టరు ముందే చెప్పారు. నేటి పాఠం నీటి మట్టం. పొద్దున్నే ఆమె తాపీమేస్త్రీ అయిన తండ్రిని, నీళ్లు నింపి గోడల మట్టం చూసే లెవెల్ గొట్టం అడిగింది.

"జాగ్రత్తమ్మా. లోపల గాలిబుడగ ఉంటే అబద్ధం చెబుతుంది. బుడగ లేకపోతే నిజమే చెబుతుంది, నా మాటైనా వినదు."

తరగతిలో ఆమె ముందు ఆ బుడగ మాట చెప్పింది. ఇద్దరు పిల్లలు గొట్టం చెరో కొసా పట్టుకున్నారు. ఒకడు బెంచీ ఎక్కి తన కొస పైకెత్తాడు. నీళ్లు అటూ ఇటూ ఊగి, రెండు వైపులా ఒకే ఎత్తున ఆగాయి. "మళ్లీ" అన్నారు పిల్లలు. మళ్లీ ఆగాయి. నలభై నోళ్లు ఒకేసారి మూతపడటం ఆ తరగతిలో అదే మొదలు.

ముందు బెంచీ పిల్ల గోడ మీద ఆ ఎత్తున సుద్దతో గుర్తు పెట్టింది.

"ఆ మూల కూడా ఇంతేనా టీచర్?"

"నువ్వే చూసి చెప్పు."

ఆ మాటతో తరగతి మొత్తం వరండాలో పడింది. గుర్తులు కలుపుకుంటూ పోయిన గీత గంటలో కొత్త గది చుట్టూ తిరిగింది. ఆ గది హెడ్మాస్టరు బావమరిది కట్టాడు. అధికారి ప్రారంభించవలసింది దాన్నే.

హెడ్మాస్టరు వరండాలో తడి చూశారు, పిల్లల చేతుల్లో గొట్టం చూశారు. పైపు పగిలిందనుకుని ప్లంబరును పిలిపించారు. ప్లంబరు గీత చూశాడు. కొత్త పైపు అక్కడ వెయ్యాలనుకుని గది గోడకు ఉలి పెట్టాడు. ఆ దుమ్ములోకి అధికారి నడిచి వచ్చారు.

"ఎవరు గీశారిది?"

"నేనే సార్..." అంది టీచరు.

"కాదు సార్, నీళ్లు గీశాయి," అంది పిల్ల.

"వంకర గీత సార్," అన్నారు హెడ్మాస్టరు. "మొదటి కిటికీకి ఆనుకుంది, చివరి కిటికీకి జానెడు పైనుంది. చూడండి."

అధికారి గొట్టం ఒక కొస ఆయనకిచ్చి మొదటి కిటికీ దగ్గర నిలబెట్టి, రెండోది తాను పట్టుకుని చివరి కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. నీళ్లు ఊగి ఆగాయి. ఇద్దరి దగ్గరా గీత మీదే ఆగాయి.

"గొట్టం పాతదేమో సార్," అన్నారు హెడ్మాస్టరు.

పిల్ల ఆ కొస నుంచి ఈ కొస దాకా గొట్టం చూసుకుంటూ వచ్చింది. "బుడగ లేదు సార్. అబద్ధం చెప్పదు."

అధికారి వెంటనే లేవలేదు. "ఇరవై రెండేళ్లుగా బడి బడిలో ఈ పాఠం వింటున్నానమ్మా," అన్నారు టీచరుతో. "చూడటం ఇవాళే."

రిపోర్టులో రెండే ముక్కలు రాశారు: పిల్లలకు అర్థమైంది, గది ఒరిగింది.

ఆయన వెళ్లగానే గీత చెరిపేయమన్నారు హెడ్మాస్టరు. ప్లంబరు అప్పటికే దాన్ని సగం దాకా గోడలోకి చెక్కేశాడు.