ఎజ్రా సైకిలు, చినబాబు గోడ

ఆ శనివారం పొద్దున్న ఎజ్రా వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మెర్సీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి వచ్చేలోపు చర్చి ఆవరణలో కాసేపు సైకిలు తొక్కి, కొత్త పెడల్స్‌కు కాళ్లు అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాత ఏమీ ఎరగనివాడిలా ఇంటికి వచ్చి ఆమెకు టీ పెట్టి ఇవ్వాలి. ఇందులో దేవుడి ప్రమేయం ఎక్కడా లేదు.

ఎజ్రా శృంగవరపుకోటలో బ్యాంకు గుమస్తా. నోట్ల రద్దు ఏడాది కౌంటరులో కూర్చుని ఊరంతటి చేతా తిట్లు తిన్నాక, ఆదివారం ఆరాధన అయిపోగానే కొండదారుల్లో సైకిలు తొక్కితే గాని సోమవారం మొహం చూడలేని స్థితికి వచ్చాడు. గేర్ల సైకిలు కొన్నాడు. అది ఉత్తప్పుడు బాగానే ఉండేది గాని, రాళ్ల బాటలో ఎగిరినప్పుడల్లా కాలు పెడలు మీంచి జారేది. పెడలుకున్న ఇనప ముళ్లు మోకాలి కింద చర్మాన్ని గీరుకుపోయేవి. మెర్సీ నర్సు. ఊళ్లోవాళ్లందరికీ కట్లు కట్టి ఇంటికొచ్చి, మళ్లీ మొగుడికి కట్టడం ఆమెకు ఏమాత్రం నచ్చలేదు.

దానికి విరుగుడుగా ఎజ్రా విశాఖపట్నం వెళ్లి, కాలిని పట్టి ఉంచే పెడల్స్ తెచ్చాడు. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి తారు రోడ్డు పందేలకు. దాని బూటు అడుగున పెద్ద ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దిగి నడిస్తే బాతు నడకే. రెండోది కొండలకు. చిన్న ఇనప ముక్క సోలులోకి ఒదిగిపోయి ఉంటుంది, సైకిలు భుజాన వేసుకుని కూడా నడవచ్చు. ఎజ్రా రెండోది ఎంచుకున్నాడు. అంతవరకూ తెలివైన పనే చేశాడు.

"తొక్కితే టక్కున పట్టుకుంటాది సార్. మడమ బయటికి తిప్పితే వదిలేస్తాది. కొత్తలో మాత్రం ఈ స్క్రూ బాగా వదులు చేసుకోండి" అన్నాడు షాపతను.

ఎజ్రా ఇంటికి వచ్చి, సైకిలు తలకిందులుగా నిలబెట్టి, శ్రద్ధగా స్క్రూలు తిప్పాడు. తలకిందుల వ్యవహారంలో వదులు ఎటో బిగువు ఎటో తికమకపడ్డాడు. మొదటిరోజే ఇంటి గేటు దగ్గర ఆగబోయి, పాలుపోసే మరిడమ్మ ముందు సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయాడు.

మోచేతికి కట్టు కడుతూ మెర్సీ తీర్పు చెప్పేసింది. "బావా, ఇదే ఆఖరు. ఈ సైకిలు వల్ల ఇంకొక్క కట్టు కట్టానంటే, శనివారం అన్నయ్య లారీ సాలూరు నుంచి ఇటే వస్తాది గదా, అందులో ఎక్కించేస్తాను. వాడి కొడుకు ఎప్పట్నుంచో అడుగుతన్నాడు."

అందుకే ఆ పొద్దున్న సాధన. లారీ వచ్చేసరికి మెర్సీ కళ్ల ముందు దర్జాగా సైకిలు దిగి చూపించాలి.

చర్చి చుట్టూ తిరగడానికి దారి ఉంది గాని, ఒక పక్క కాస్త ఇరుకు. ఆ ఇరుకుకు కారణం చినబాబు గోడ. చినబాబు చర్చి పక్కింటి రైతు. మెర్సీ తండ్రి ఏసుదానమూ చినబాబూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, పెద్దయ్యాక ఒకే అరుగు మీద సాయంకాలాలు గడిపారు. మూడేళ్ల కిందట చినబాబు మట్టి అడుసుతో ఇటుకలు పేర్చి గోడ కట్టాడు. అది జానెడు చర్చి స్థలంలోకి వచ్చిందని, చర్చి సెక్రటరీ హోదాలో ఏసుదానం అన్నాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. పోయిన ఆదివారం పాస్టరుగారు యెరికో కథ చెప్పారు. ఇశ్రాయేలీయులు నోరు మెదపకుండా ఆ పట్నం చుట్టూ తిరిగి, ఆఖరి రోజు ఏడో చుట్టులో ఒక్కసారిగా కేక వేస్తే గోడలు కూలిపోయిన కథ అది. అప్పుడు ఏసుదానం గోడవైపు తిరిగి, అవతల చినబాబుకు వినపడేలా "ఆమేన్" అన్నాడు.

ఎజ్రా ఎక్కాడు. రెండు బూట్లూ టక్ టక్‌మని పట్టుకున్నాయి. ఒక చుట్టు హాయిగా తిరిగి, ఆగుదామని మడమ బయటికి తిప్పాడు. రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. మోకాలు తిరిగింది గాని బూటు కదల్లేదు. ఆగితే పడతాడు, పడితే కట్టు, కట్టయితే సాలూరు. కాబట్టి తొక్కుతూనే ఉన్నాడు.

చర్చి ఊడ్వడానికి వచ్చిన ఎలీసమ్మ చీపురు పట్టుకుని నిలబడి చూసింది. "ఏటి బాబూ, పొద్దున్నే ఇలా తిరుగుతన్నావు?"

నిజం చెబితే అది మెర్సీకి చేరిపోతుంది. "ఏటీ లేదత్తా! తిరగాలని ఉండి తిరుగుతన్నాను!" అనేసి మలుపు తిరిగాడు.

ఎలీసమ్మ చర్చిని చూసింది, గోడను చూసింది. చీపురు అక్కడే పడేసి ఏసుదానం ఇంటికి పరుగెత్తింది.

ఏసుదానం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. వెనకాలే వీధిలో సగంమంది. గోడ పక్కగా చెమటలు కక్కుతూ పోతున్న అల్లుణ్ని చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లూ వీణ్ని సైకిలు పిచ్చోడనుకున్నాడు, విశ్వాసి అనుకోలేదు.

"ఎన్నోదే?"

"నాను సూసింది మొదలెడితే ఇది ఐదోది బావా" అంది ఎలీసమ్మ. ఆమె రాకముందు తిరిగినవి లెక్కలోకి రాలేదు.

ఇంతలో ఎజ్రాకు ఒక ఉపాయం తట్టింది. చర్చి గంట స్తంభాన్ని పట్టుకుంటే పడకుండా ఆగవచ్చు. తీరా చూస్తే స్తంభం చుట్టూ జనం. సిగ్గు విడిచి అరిచాడు. "మావా! ఎవులైనా వచ్చి నన్ను పట్టుకోండి!"

ఏసుదానం వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "ఎవులూ నోరిప్పొద్దు! కదలొద్దు! ఏడోది అయ్యేదాకా మాటాడితే అంతా పాడైపోద్ది!"

"కాలు రావట్లేదు మావా!"

జనం జాలిగా చూశారు. ఒక్కరూ పలకలేదు. కొండల్లో కూడా ఎజ్రా ఇంత ఒంటరిగా ఎప్పుడూ సైకిలు తొక్కలేదు.

ఏడో చుట్టులో అతను ఇరుకు సందులోకి తిరిగేసరికి ఏసుదానం చెయ్యి పైకెత్తాడు. జనమంతా ఒక్క గొంతుతో కేక వేశారు. ఎజ్రా అదిరిపడ్డాడు, హ్యాండిలు వంకర తిరిగింది, సైకిలు పోయి గోడను గుద్దుకుంది. రాత్రంతా వానకు నాని ఉన్న గోడ ఒక మూరెడు ఊగి, అవతలికి దొర్లిపోయింది. ఎజ్రా దాని మీంచి వెళ్లి చినబాబు గడ్డిమేటులో పడ్డాడు. సైకిలు అతన్ని వదల్లేదు, చక్రాలు ఆకాశం వైపు తిరుగుతూనే ఉన్నాయి.

చినబాబు నోట్లో వేపపుల్లతో బయటికి వచ్చాడు.

"ఒరే ఏసుదానం! గోడ పడగొట్టడానికి ఊరందరినీ ఎట్టుకొచ్చినావేట్రా?"

"నాను పడగొట్టలేదురా. పడిపోనాది."

మూడేళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవే. చినబాబు వేపపుల్ల పారేశాడు. "పడిపోతే పడిపోనాదిలే. మూడేళ్లయి సాయంకాలం టీ ఒక్కణ్నే తాగతన్నాను. కట్టినోణ్ని నానే, మళ్లీ నానే పడగొడితే నవ్వరేటి?"

ఏసుదానం ఇంకేమీ వినలేదు. రెండు చేతులూ చాపుకుని ఇటుకల మీంచి పరుగున వెళ్లబోయి, జారి, మోకాలు చెక్కుకున్నాడు.

డ్యూటీ దిగి ఇంటికి పోతూ కేకలు విని వచ్చిన మెర్సీకి, తండ్రి మోకాలి నెత్తురూ చినబాబు కన్నీళ్లూ గడ్డిలో మొగుడి కాళ్లూ ఒకేసారి కనిపించాయి. ముందు మొగుడి దగ్గరికి వెళ్లింది. ఒళ్లంతా తడిమి చూసింది. ఒక్క గీత లేదు. బూట్ల పట్టీలు విప్పి రెండు కాళ్లూ బయటికి లాగింది.

"కాలు రాకపోతే బూటు ఇప్పుకోవాల గదా బావా?"

"తట్టలేదు" అన్నాడు ఎజ్రా. తర్వాత నిజాయితీగా మామ వైపు తిరిగాడు. "మావా, నాను ప్రార్థనకి తిరగలేదు. స్క్రూ బిగిసిపోయి కాలు రాలేదు."

"మరి ఆ కాలు రాకుండా పట్టిందెవులురా?" అన్నాడు ఏసుదానం.

మెర్సీ తండ్రి మోకాలికి కట్టు కట్టడం మొదలుపెట్టింది. ఎజ్రా సైకిలు వైపు చూశాడు. సైకిలు వల్ల కట్టిన కట్టే కదా. సరిగ్గా అప్పుడే వీధి చివర మెర్సీ అన్నయ్య సంజయ్ లారీ హారన్ మోగింది.

మెర్సీ ముడి వేసి తలెత్తింది. పడిపోయిన గోడ మీద తండ్రీ చినబాబూ పక్కపక్కన కూర్చుని, చినబాబు ఇంట్లోంచి వచ్చిన టీ ఒకే గ్లాసులో పంచుకుంటున్నారు. చిన్నప్పుడు ఆమె రోజూ చూసిన దృశ్యం అది. ఎంత బెంగ పెట్టుకుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

"లారీ ఇలా వెనక్కి తెమ్మను" అంది. ఎజ్రా తలవంచుకుని సైకిలు లేవదీశాడు. "అది కాదు బావా. ఇటికలు ఎక్కించాల. ఇక్కడుంటే ఇద్దరూ మళ్లీ కడతారు."

ఆ మధ్యాహ్నం ఆమే స్క్రూలు వదులు చేసి, మొగుడి చేత మడమ తిప్పించి తిప్పించి నేర్పింది.

తర్వాతి ఆదివారం రాజాం నుంచి ఇద్దరు సంఘపెద్దలు ఎజ్రాను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల చర్చి పక్కన కూడా ఒక గోడ ఉందట, సిమెంటుది.