అధ్యక్షులవారి అరచెయ్యి

పెన్సిల్వేనియా కొండల్లోని కార్బన్ హాలో వేటగాళ్ల సంఘంవారు ఈ ఏడు కూడా ఉత్తమ పిడి పోటీని జయప్రదంగా నిర్వహించారు. ప్లాస్టిక్ పిస్తోలు పిడిని ఎవరి చేతికి తగ్గట్టు వారు అరగదీసి, పట్టు జారకుండా గరుకు తేల్చి తీసుకురావాలి. కాల్చడం వచ్చి ఉండాలన్న నిబంధన లేదు. పిడి దాని యజమాని చేతికి అమరిందో లేదో తేల్చడానికి అధ్యక్షులు ఆర్విల్ స్టాంకోగారు కళ్లకు గంతలు కట్టుకుని, ప్రతి పిడినీ స్వయంగా తమ చేత్తో పట్టి చూస్తారు. ఇంతకంటే నిష్పక్షపాతం ఎక్కడుంటుంది?

వెండెల్ క్రూపా నిరుడు ఈ న్యాయానికే బలైపోయాడు. అతనివి సన్నని వేళ్లు. చలికాలమంతా గరాజులో కూర్చుని, సోల్డరింగ్ ఐరన్ మొనతో చుక్క పక్కన చుక్క కాలుస్తూ, పిడిని తన చేతికి అతికినట్టు చేసుకున్నాడు. స్టాంకోగారిది చేటంత అరచెయ్యి. ఆయన పట్టి చూసి, "ఇది మనుషులు పట్టుకునేదేనా?" అన్నారు. హాలంతా నవ్వింది. వెండెల్ ఆ శుక్రవారం సంఘంవారి విందులో చేపల వేపుడు ముట్టకుండానే లేచి వచ్చేశాడు. పాపం, ఏడాదంతా ఆ నవ్వే చెవుల్లో వినిపించేది.

ఈసారి అతనికి బుద్ధొచ్చింది. పోటీకి ముందు జరిగిన శుక్రవారం విందులో స్టాంకోగారు కనబడగానే అరచేతిలో మెత్తని లప్పం ముద్ద దాచుకుని కరచాలనం చేశాడు.

"ఏంటయ్యా, చెయ్యి ఇలా జిడ్డుగా ఉంది?"

"చేపలండీ," అన్నాడు వెండెల్ వినయంగా.

ఇంటికి పరుగెత్తి, ముద్ద మీద పడిన అచ్చు చూస్తూ తన పిస్తోలు పిడికి లప్పంతో కండపట్టించాడు. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాడు. అధ్యక్షులవారి ఉంగరానికి కూడా విడిగా గాడి తీశాడు.

అతని భార్య వెర్నాకు కీళ్లనొప్పులు. తోటకు నీళ్లు పట్టే గొట్టం మీట నొక్కితే వేళ్లు పీకుతున్నాయి.

"ఆ చేత్తోనే నా గొట్టం పిడి కూడా కాస్త సరిచేసిపెట్టవయ్యా. టమాటాలు ఎండిపోతున్నాయి."

"ఉండవే! ఇక్కడ నేను ఆత్మరక్షణ పనిలో ఉంటే..."

పోటీనాడు ఒక చిన్న విశేషం జరిగింది. బల్లమీద ఉన్న పిడులన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. ఈ మధ్య సంఘంలో అందరికీ అధ్యక్షులవారి చెయ్యి పట్టుకుని ఊపేంత ఆప్యాయత ఎందుకు పుట్టుకొచ్చిందో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఉంగరం గాడి పుణ్యమా అని కప్పు వెండెల్‌కే దక్కింది.

స్టాంకోగారు గంతలు విప్పి కళ్లొత్తుకున్నారు. "సోదరులారా! ఈ పిడులు పట్టి చూస్తుంటే ఒక సత్యం బోధపడింది. ప్రతి మనిషి చెయ్యీ నా చెయ్యిలాంటిదే! ఎవరి ఆయుధం వారి చేతికి! మన తాతలు కలలుగన్న స్వేచ్ఛ ఇదే!"

విజేతగా తొలి తూటా పేల్చే గౌరవం వెండెల్‌ది. ఆ లావు పిడి అతని గుప్పిట్లో గిర్రున తిరిగింది. తూటా గురిపలకను వదిలేసి మట్టికట్టలో దిగబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు విజేత మీది గౌరవంతో తమ పిస్తోళ్లను పెట్టెల్లోంచి తియ్యలేదు.

వెండెల్ కప్పుతో ఇల్లు చేరేసరికి వెర్నా టమాటాలకు నీళ్లు పడుతోంది. గరాజులో మిగిలిన లప్పాన్ని గొట్టం పిడికి చుట్టి, తడిగా ఉండగానే తన వంకర వేళ్లతో ఓసారి గట్టిగా నొక్కిందట. అంతే పని. వెండెల్ తీసుకుని పట్టి చూశాడు. అతని చేతికి ఎక్కడా అమరలేదు.

"ఇది స్టాంకోగారికి చూపించావా?" అన్నాడు కంగారుగా.

"ఏం, ఆయనొచ్చి పోస్తాడా నా టమాటాలకి నీళ్లు?"

వెండెల్ గొట్టాన్ని ఆమె చేతికి తిరిగి ఇచ్చేశాడు. మొదటిసారి ఆ కప్పు అతనికి బరువనిపించింది. మర్నాడు బుద్ధిగా కూర్చుని తన పిడిని మళ్లీ తన చేతికి తగ్గట్టు అరగదీసుకుందామని బజారుకు వెళ్లాడు.

వచ్చే ఎన్నికల్లో అధ్యక్షుడు మారతాడనీ, రాబోయేవాడివి పొట్టివేళ్లనీ ఊళ్లో పుకారు. ఏ కొట్లోనూ ఉప్పుకాగితం లేదు.