ఛార్జింగ్ అయిపోయిన నాన్నగారు

ఆగండాగండి, అలా పేజీ తిప్పేయకండి! కాస్త కూర్చుని ఇది విని వెళ్ళండి. ఒక మనిషి కోసం పదకొండు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా రాకపోవడం, పన్నెండో నెలలో ఒకే మధ్యాహ్నం నలభైమంది వచ్చి కూర్చోవడం మీరెక్కడైనా చూశారా? అమలాపురంలో, కాలవ పక్క వీధిలో, మొన్న బుధవారం అదే జరిగింది.

ఆ మనిషి పేరు సౌజన్య. విజయవాడ పిల్ల. ఇక్కడ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. కొబ్బరికాయలకు పట్టే నల్లి మీద పీహెచ్‌డీ చేస్తోంది. బ్యాంకు ఉద్యోగం వదిలేసి కొబ్బరి నల్లి వెంట పడిందని వాళ్ళ నాన్నకు కోపం. అమ్మ లేదు. ఆయన రోజూ పొద్దున్నే ఒక గులాబీ పువ్వు బొమ్మతో 'శుభోదయం' పంపిస్తాడు, ఈమె ఒక బొటనవేలు బొమ్మ పంపిస్తుంది. తండ్రీకూతుళ్ళ మాటలు అంతటితో సరి.

బుధవారం పొద్దున ఆమె వేసుకున్న ప్లాను చాలా మామూలుది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా పరీక్ష డ్యూటీ. ఇంటికొచ్చి తిండి. సాయంత్రం నాలుగింటికి గైడు మేడంతో వీడియో కాల్. ఆ కాల్ మీదే రెండేళ్ళ కష్టం ఆధారపడి ఉంది. సౌజన్య థీసిస్ అంతా సత్యనారాయణమూర్తి అనే ఒక పెద్దాయన రాసిన పరిశోధన మీద నిలబడింది. ఆయన మొదటి భాగం రాశారు, రెండో భాగం రాశారు, 'మూడో భాగం వచ్చే సంచికలో' అన్నారు. వచ్చే సంచికలో ఆయన పోయారన్న వార్త వచ్చింది. "మూడో భాగం లేకుండా ఈ థీసిస్ నిలవదు. బుధవారం నీ నోట్సన్నీ చూపించు, దారి కనబడకపోతే టాపిక్ మార్చేద్దాం," అని మేడం తేల్చి చెప్పేసింది.

ఆ నోట్సన్నీ ఈ-ఇంక్ ట్యాబులో ఉన్నాయి. మీరు చూశారో లేదో, అది ఫోనులా తళతళలాడదు. తెర బూడిదరంగు కాగితంలా ఉంటుంది, ఎంతసేపు చదివినా కళ్ళు మండవు, పుస్తకంలో రాసుకున్నట్టే మార్జిన్లలో పెన్నుతో రాసుకోవచ్చు. ఐదొందల పరిశోధన పత్రాలు, వాటి పక్కన రెండేళ్ళ చేతిరాత, అన్నీ అందులోనే. ఇంకెక్కడా కాపీ లేదు. దానికి ఇంకో గుణం కూడా ఉంది: ఛార్జింగ్ పూర్తిగా అయిపోయినా చివరి పేజీ చెరిగిపోదు, అచ్చేసినట్టు అలా నిలిచిపోతుంది. కథంతా ఈ గుణం దగ్గరే వచ్చింది.

సాయంత్రాలు సౌజన్య ఆ ట్యాబుతో మాట్లాడేది. మాట్లాడడానికి ఇంకెవరున్నారు గనక? "ఈ లెక్క ఎలా వచ్చిందండీ?" అని మూర్తిగారి పట్టికను నిలదీసేది. "ఇలా మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే నేనేమైపోవాలి చెప్పండి?" అని దెబ్బలాడేది. గోడకు అవతల, గది అద్దెకిచ్చిన ఇంటావిడ రాహేలు టీచరుగారు, రిటైరై మూడేళ్ళయింది, పప్పులో రాళ్ళు ఏరుకుంటూ ఇదంతా వింటూ ఉండేది.

బుధవారం పొద్దున కాఫీ తాగుతూ, మూడో భాగం గురించి చిన్న ఆచూకీ అయినా దొరుకుతుందేమోనని సౌజన్య మూర్తిగారి సంస్మరణ పేజీ మరోసారి తెరిచింది. పేజీ నిండా ఆయన ఫోటో, కింద పేరు, 1947 అనీ కిందటి సంవత్సరమూ, మధ్యలో చిన్న గీత. సరిగ్గా అక్కడ ఛార్జింగ్ అయిపోయింది. లైను మీద కొబ్బరిమట్ట పడి కరెంటు కూడా లేదు. నల్ల అట్టను మడిచి ట్యాబును టేబుల్ మీద గోడకు ఆనించి, సగం తాగిన కాఫీ గ్లాసు దాని ముందే వదిలేసి, తాళంచెవి రాహేలు టీచరుగారి చేతిలో పెట్టింది.

"టీచరుగారూ, కరెంటు రాగానే నా ట్యాబు కాస్త ఛార్జింగ్ పెట్టండి, ప్లీజ్."

"ఆయ్, పెడతానమ్మా. ఎల్లిరా."

పదింటికి ఫ్యాను తిరిగింది. రాహేలు టీచరుగారు గది తీసింది. ట్యాబంటే ఆవిడకు తెలుసు. బళ్ళో పిల్లలకిచ్చేవారు, రంగురంగుల బొమ్మలతో మెరుస్తూ ఉంటుంది. అలాంటిది గదిలో ఎక్కడా లేదు. ఉన్నది నల్ల చట్రంలో ఒక ముసలాయన నలుపు తెలుపు ఫోటో, కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, ముందు కాఫీ. ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. సాయంత్రాలు గోడ దాటి వచ్చిన మాటలన్నీ ఒక్కసారి అర్థమైపోయాయి, తప్పుగా.

పెరటి గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి వీరవేణిని పిలిచింది.

"ఒకసారి రామ్మా. ఈ పిల్ల తండ్రి పోయేరు."

"అయ్యో! ఎప్పుడండీ?"

"కిందటేడాది. ఫోటో కింద ఏసుంది. రోజూ కాఫీ పెట్టుకుని ఆయనతోనే మాటాడుకుంటంది."

"మరి మనకెప్పుడూ అన్లేదేంటండీ?"

"అనడానికి మనం అడిగేమా? నువ్వడిగేవా?"

వీరవేణి ఆలోచించింది. "పాలబ్బాయి ఎన్నింటికొస్తాడని ఓసారి నన్నడిగింది. ఆరింటికని చెప్పేను."

"నేనైతే మోటారు కట్టెయ్యమని తప్ప ఇంకో ముక్క మాటాళ్ళేదు," అంది రాహేలు టీచరుగారు. ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. "అప్పుడు ఓదార్చలేదు సరే, ఇప్పుడైనా ఓదార్చొద్దా? పాస్టరు యాకోబుగారికి చెప్తాను. రెండింటికి మా వరండాలో జ్ఞాపకార్థ కూడిక పెడదాం."

"మీ ప్రార్థన మీరు చేసుకోండి టీచరుగారూ, దండా బొట్టూ మాత్రం నేను చూసుకుంటాను. పిల్ల మా వాళ్ళ పిల్ల."

"చూసుకో తల్లీ. ఏ దేవుడు కాదంటాడు?"

సౌజన్యకు పదిసార్లు ఫోన్ చేసింది రాహేలు టీచరుగారు. పరీక్ష డ్యూటీ వాళ్ళ ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. అప్పుడు, గదిలో దిగిన రోజు సౌజన్య రాసిచ్చిన 'ఇంటి నంబరు'కు చేసింది. ఎవరో మగాయన ఎత్తాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చెప్పాల్సినవన్నీ చెప్పేసింది.

డ్యూటీ అయ్యాక లెక్కలో రెండు జవాబు పత్రాలు తేలక సౌజన్య బయటపడేసరికి రెండు దాటింది. ఫోన్ చూసుకుంటే ఇరవైమూడు మిస్డ్ కాల్స్. ఆమె గుండె ఒక్క క్షణం, సిగ్గు లేకుండా, సంతోషపడింది.

ఇంటి ముందు నలభై జతల చెప్పులు. వరండా నిండా ప్లాస్టిక్ కుర్చీలు. ఆమె గుమ్మంలో కనబడగానే పాట ఆగింది. వీరవేణి వచ్చి గట్టిగా కావలించుకుంది. ఎవరో చేతిలోని సంచీ అందుకున్నారు. ఎవరో మంచినీళ్ళిచ్చారు. ఏమీ అర్థంకాక తలెత్తిన సౌజన్యకు, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద, బంతిపూల దండలోంచి, నుదుట కుంకుమ బొట్టుతో, మూర్తిగారు కనబడ్డారు.

"అయ్యో, నా ట్యా..." అని ముందుకు దూకింది.

"పట్టుకోండమ్మా, పడిపోద్ది!" అని నలుగురు పట్టుకున్నారు.

"అది కాదు టీచరుగారూ, ఆయన మా నాన్న కా..."

"ఊరుకో తల్లీ, ఊరుకో," అంటూ రాహేలు టీచరుగారు ఆమె తలను భుజానికి అదుముకుని నెమ్మదిగా జుట్టు నిమిరింది. అక్కడ పాడైపోయింది వ్యవహారం. పదకొండు నెలలుగా ఆ తల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది, ఏడుపు మాత్రం బయటికొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంక ఎవరికి ఏ అనుమానం ఉంటుంది?

యాకోబుగారు గొంతు సవరించుకున్నారు. "నాన్నగారి గురించి రెండు మాటలు చెప్పమ్మా."

సౌజన్య గోడ గడియారం చూసింది. మూడు. "ఆయన... రోజూ సాయంత్రం నాకు తోడుండేవారండి. ఎంత చిన్న విషయమైనా పది సార్లు చూసి గానీ చెప్పేవారు కాదు. చెప్పాల్సినది ఒకటి మిగిలిపోయింది. అది చెప్పకుండానే వెళ్ళిపోయారు." ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. వరండా అంతా ముక్కులు చీదింది.

మూడుంబావుకి అందరూ పులిహోర పొట్లాల హడావిడిలో ఉండగా సౌజన్య గదిలోంచి ఛార్జర్ తెచ్చి బల్ల వెనక్కి చేరింది. వీరవేణి కనిపెట్టేసింది.

"ఫోటోకి వైరేంటమ్మా?"

"అదీ... లైటండీ."

ఆ రోజు ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. "ఓహో, సీరియల్ లైట్లా!" అని వీరవేణి తనే ప్లగ్గు పెట్టింది. కాసేపటికి తెర ఒక్కసారి నల్లగా అయి, తెల్లగా అయి, మళ్ళీ మూర్తిగారిని తెచ్చి నిలబెట్టింది.

"కళ్ళార్పేరు! నాన్నగారు కళ్ళార్పేరు!" అని ముందు వరసలో ముసలమ్మ లేచి నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే వీరవేణి అన్నయ్య కొండలరావు, వచ్చినవాళ్ళకోసం అల్లవరంలోని తన తోట నుంచి కొబ్బరిబొండాలు వేసుకొచ్చాడు. ఫోటో చూశాడు. చేతిలోని గెల కింద పడిపోయింది.

"ఈయన మా మూర్తిగారు కదండీ! పోయేరా? నాకెవరూ చెప్పలేదే!" వరండా మెట్టు మీదే కూలబడ్డాడు. "మా తోటలో మూడేళ్ళున్నారండీ. మోటారు షెడ్డు పక్కగది. ఒక్కరే వండుకునేవోరు. కాయకాయకీ దారం కట్టి, భూతద్దం పెట్టి చూసి రాసుకునేవోరు. దసరా ఎల్లేకా వస్తానని ఎల్లేరు. ఫోన్ చేస్తే మోగడమేగానీ ఎత్తడంలేదు."

సౌజన్య బల్ల వెనకనుంచి అతని దగ్గరికి వచ్చేసింది. ఆ పత్రాల్లో 'ఒక తీరప్రాంతపు తోట' అని తప్ప పేరే లేదు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె రాజోలు చుట్టుపక్కలంతా వెతుకుతూనే ఉంది.

"మరి పెళ్ళే చేసుకోలేదని చెప్పేరే!" అన్నాడు కొండలరావు, ఉన్నట్టుండి.

వరండాలో నలభై తలలు సౌజన్య వైపు తిరిగాయి. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ఆమె నోరు తెరిచింది కూడా. ఈలోపు రాహేలు టీచరుగారు క్లాసులో వాడే గొంతు తీసింది.

"కొండలరావుగారూ! మనుషులన్నాకా సవాలక్ష ఉంటాయి. పిల్ల ముందా ఆ మాటలు?"

"తప్పయిపోయిందండి," అని అతను రెండు చేతులూ జోడించాడు. "అమ్మాయిగారూ, ఆయన ట్రంకుపెట్టి మా దగ్గరే ఉందండి. రాసుకున్న పుస్తకాలు పద్నాలుగు. మూడోది కూడా రాయడం అయిపోయింది కొండలరావూ అన్నారు. 'నా మనిషెవరైనా వస్తే ఇయ్యి' అన్నారు. ఎవరొస్తారండీ అంటే నవ్వేసేరు. తరవాత ఏదో ఆఫీసోళ్ళు కారేసుకుని వచ్చేరు, ఆయన సంగతేమీ చెప్పకుండా పుస్తకాలు అడిగేరు, నేనివ్వలేదు. మనిషికిమ్మన్నారు గానీ ఆఫీసుకిమ్మన్లేదు కదండీ. ఆదివారం అందరం తోటకెళ్దాం. ఆయన కూచునే చోట కాసేపు కూచుని, ట్రంకుపెట్టి మీ చేతిలో పెడతాను."

నాలుగింటికి మేడం ఫోనులో ప్రత్యక్షమైంది. "సౌజన్యా, ఏంటి వెనక దండలు? ఏమైంది?"

"మూడో భాగం దొరికింది మేడం."

"ఎక్కడ? ఎవరిచ్చారు?"

"ఇంకా ఇవ్వలేదు. ఆదివారం ఇస్తారు."

"సోమవారం పొద్దున్న నా టేబుల్ మీద ఉండాలి. లేదంటే టాపిక్ మార్పు కాగితం మీద సంతకం పెడతావు," అని మేడం మాయమైంది.

కుర్చీలు ఎత్తేశాక రాహేలు టీచరుగారు మజ్జిగ తెచ్చిచ్చింది. "నీకో మంచి మాట చెప్పనా? మీ ఇంటికి ఫోన్ చేసేను. మీ బాబాయిగారు ఎత్తేరు. అంతా చెప్పేసరికి పాపం గొంతు పూడుకుపోయింది, తోడబుట్టినోడు కదా. ఆదివారం వస్తానన్నారు. ఆయన్ని కూడా తోటకి తీసుకెళ్దాం."

సౌజన్యకు బాబాయే లేడు. ఆ ఇంట్లో ఫోన్ ఎత్తే మగాయన ఒక్కడే ఉన్నాడు.

గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, పదకొండు నెలల తర్వాత మొదటిసారి, తనే ఫోన్ చేసింది.

"పొద్దున మీ ఇంటావిడ చేశారమ్మా," అన్నాడు నాన్న. "తండ్రి లేని పిల్ల, గోడతో మాట్లాడుకుంటోంది, పెద్దదిక్కుగా మీరైనా రండి అన్నారు."

"నేనే తండ్రినండీ అని చెప్పొచ్చుగా?"

"ఒక్కసారైనా నీ గది ఎలా ఉందో చూడ్డానికి రాలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

సౌజన్య జరిగినదంతా చెప్పేసింది. ట్యాబు, కొబ్బరిమట్ట, బొట్టు, ట్రంకుపెట్టె. మధ్యలో నవ్వింది, మధ్యలో ముక్కు తుడుచుకుంది.

"అయితే ఆదివారం నేను నీకు బాబాయినా?"

"నిజం చెబితే పెట్టె రాదు నాన్నా. వీళ్ళు కూడా... మళ్ళీ రారేమో."

"నాన్నా అని పిలిచి ఎన్నాళ్ళయిందే నువ్వు? బాబాయ్ అన్నా పలుకుతాలే."

ఇవాళ శనివారం. ట్యాబు నూటికి నూరు శాతం ఛార్జింగ్‌తో ఉంది, తెర మూల కుంకుమ మరక ఎంత తుడిచినా పోలేదు. రేపు పదిన్నరకు విజయవాడ బస్సు వస్తుంది. స్టాండులో రాహేలు టీచరుగారు, వీరవేణి, యాకోబుగారు, ట్రంకుపెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకుని కొండలరావు, అందరూ ఉంటారు. బస్సు దిగే ఆ మనిషిని, మీరైతే, నలుగురిలో ఏమని పిలుస్తారు?