అద్దం కింద బటను

ఆ శనివారం పొద్దున అచ్యుత్ పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త కారులో అద్దం కింద ఉన్న బటనుకి గరాజ్ తలుపు తెరవడం నేర్పాలి. పాత రిమోట్‌ని అద్దం దగ్గర పెట్టి, రెండు బటన్లూ కలిపి నొక్కిపట్టుకుంటే చాలు, కారు నేర్చేసుకుంటుందట.

"టెక్నీషియన్‌ని పిలుద్దామండీ. మధ్యాహ్నం ఎదురింటి తాజ్ అంకుల్ వాళ్ళింట్లో బార్బెక్యూ కూడా ఉంది," అంది భార్య అమూల్య.

"బ్రిడ్జీలు డిజైన్ చేసేవాణ్ణి, తలుపు తెరవలేనా?" అంటూ వంటింటి సొరుగులోంచి రిమోట్ తీసుకుని బయల్దేరాడు అచ్యుత్.

కారుని తన గరాజ్ కెదురుగా నిలిపి, కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. అద్దం కింద దీపం టకటకా మెరిసింది. దర్జాగా బటను నొక్కాడు. తలుపు కదల్లేదు. వెనకాల ఎదురింటి తలుపు మాత్రం గరగరమంటూ లేచింది.

'వాళ్ళది ఎంత చక్కగా పనిచేస్తోందో!' అని కుళ్ళుకుంటూ మళ్ళీ నొక్కాడు. ఎదురింటిది దిగింది. పళ్ళు బిగించి ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఈసారి తలుపుతోపాటు "యా అల్లా!" అని ఓ కేక కూడా లేచింది.

బార్బెక్యూ పొయ్యి దగ్గర అంకుల్ చెయ్యి కాల్చుకున్నాడు కాబోలనుకున్నాడు అచ్యుత్, తల తిప్పకుండానే.

అమూల్య పరుగున వచ్చింది. "ఆపండి మహానుభావా! ఒక్కసారి వెనక్కి చూడండి!"

చూశాడు. ఎదురింటి గరాజ్‌లో తాజ్ అంకుల్ లుంగీ బనీనుతో, మెడకి తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. సగం తల నల్లగా, సగం తల తెల్లగా ఉంది. వెనక ఖైరున్నీసా ఆంటీ, చేతిలో రంగు బ్రష్. అరవై దాటినా ఒక్క వెంట్రుక నెరవలేదనీ, అదంతా గుంటూరు నీళ్ళ మహిమనీ వీధంతా చెప్పుకు తిరిగే మనిషాయన! వాకింగ్‌కి బయల్దేరిన పక్కిళ్ళ విజయభాస్కర్, రామచంద్ర ఫుట్‌పాత్ మీదే కొయ్యబారిపోయారు.

"ఆ రిమోట్ మనది కాదు. వాళ్ళు ఇండియా వెళ్ళినప్పుడు మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఆంటీ ఇచ్చారు. రిటర్న్ చెయ్యడం మర్చిపోయాను," అంది అమూల్య.

తలుపు మూసేసి అంకుల్ పరువు కాపాడదామని అచ్యుత్ ఆత్రంగా నొక్కాడు. అది దిగసాగింది. కంగారులో మళ్ళీ నొక్కాడు. సగంలో ఆగింది. ఇంకోసారి నొక్కితే పూర్తిగా లేచి నిలబడింది.

"ఎవడ్రా ఆ తలుపుతో ఆడుకునేది?"

"నేనే అంకుల్... సారీ అంకుల్..."

మధ్యాహ్నం అచ్యుత్ తల దించుకుని బార్బెక్యూకి వెళ్ళాడు. తాజ్ అంకుల్ టోపీ కళ్ళదాకా లాక్కుని ఓ మూల కూర్చున్నాడు. ఇంతలో విజయభాస్కర్ వచ్చి ఆయన పక్కన కూర్చోగానే, ఇక ఎగతాళి మొదలైనట్టేనని అచ్యుత్ ప్లేటులోకి మొహం దూర్చేశాడు.

"తాజ్ భాయ్, ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు విజయభాస్కర్, గొంతు తగ్గించి. "నేనూ బాత్రూమ్‌లో ఒక్కణ్ణే అవస్థ పడుతున్నా. వెనకవైపు చెయ్యి అందక చస్తున్నా. భాభీ ఎంత నీట్‌గా వేస్తున్నారండీ!"

రామచంద్ర సిగ్గుపడుతూ తన చెవి వెనక తెల్లచార చూపించాడు.

తాజ్ అంకుల్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. మొహం వికసించింది. "అయితే వచ్చే శనివారం అందరూ మా గరాజ్‌కే వచ్చెయ్యండి. అచ్యుత్, పొద్దున్నే ఆ బటన్ నొక్కే డ్యూటీ నీదే!"

నెల తిరిగేసరికి ఆ వీధిలో మగవాళ్ళందరికీ తలా ఓ పదేళ్ళ వయసు తగ్గింది.