తొక్కు జాడీ సముద్రలంఘనము

వైశాఖ మార్తాండుడు నిజాంసాగరు జలములను కడుపార త్రాగియు దప్పి తీరక ఎల్లారెడ్డి నడివీధిని నాకుచున్న వేళ, బేరసారధురంధరుడును బెల్లం దలాలును నగు ఎల్లయ్య సమరసన్నద్ధుడాయెను. నాడా వీరుని చేత నున్నవి ఒక ఫోను, ఒక రసీదు, సముద్రమంత ధీమా. లేనిది, మస్కట్‌లో మెస్సు పప్పుతో కృశించుచున్న అల్లుడు భీమేష్‌కు పంపిన మామిడి తొక్కు పెట్టె. అది ఓడ దిగి, అచ్చటి గోదాములో అనాథయై పడియుండెను. రేపటిలోగా ఎవరిదో తేలనిచో చెత్తపాలగును.

తొలుత కామారెడ్డి బుకింగు దుర్గాధిపతి మల్లేష్‌పై దండెత్తగా, "పెట్టె తీస్కునుడే నా పని కాకా! ఓడల జాగ మాట్లాడేది పట్నపాయన" అని అతడు డాలు అడ్డుపెట్టెను.

పట్నపు ఫార్వర్డరు, "జాగ ఇప్పిచ్చిన. సుంకం కాయితాలు బ్రోకర్ చూస్తడు" అనెను.

బ్రోకరు, "కాయితాలు సాఫ్‌గున్నయ్. దిగినంక గోదామోళ్లది" అనెను.

మస్కట్ గోదాము రక్షకుడు, పుట్టుకకు పిట్లంవాడైన యేసుబాబు, "నంబరు కనవడని పెట్టె ఎట్లిస్తనే? బుక్ చేసినోన్నే అడుగు" అనగా, విడిచిన బాణము తిరిగి కామారెడ్డికే వచ్చి గ్రుచ్చుకొనెను.

రైతుకును సేటుకును నడుమ నిలిచి "నాది మాట వరకే" అని బ్రతుకంతయు పలికిన ఎల్లయ్య, తన అస్త్రమే తనకు తగిలినదని ఎరిగి, బెల్లం మార్కెట్టు యుద్ధనీతిని స్మరించెను: తగాదా వచ్చినచో అందరినీ ఒక్క కుప్ప కాడ నిలబెట్టవలెను. నలుగురినీ ఒకే వీడియో కాలులో బంధించి సింహనాదము చేసెను.

"పక్కోని మీదికి నూకుడు బంద్! యేసుబాబూ, పెట్టె ముంగట నిలబడి చూపెట్టు. మిగిలినోళ్లు కదలద్దు!"

"నంబరు కాడ పసుప్పచ్చగ ఏందో పూసిన్రే అన్నా!"

ఎల్లయ్య ధర్మపత్ని సుభద్రమ్మ పిడుగువలె ఫోనుపై బడెను. "అయ్యో, అది నేను పెట్టిన బొట్టు! నీళ్ల మీద పోయేదాయె, సల్లంగ పోవాలని మూల మూలకు పెట్టిన."

"పెట్టెకు పెండ్లి జేసినవ్ గదనే!"

"నువ్వూకో! బిడ్డా, తడిబట్టతోని తుడువు."

తడిబట్ట కదలెను. హరిద్రామేఘము విచ్చి అంకెలు ఉదయించెను. మల్లేష్ రసీదుతో సరిచూచెను, ఫార్వర్డరు అవుననెను, బ్రోకరు కాయితము పంపెను, యేసుబాబు పెట్టె విడిచెను. ఇంతమంది మహారథులు ఏకమై ఒక జాడీని జయించిరి!

మరునాడు లెక్క తేలెను. ఎల్లయ్యకు దక్కిన నికరలాభము: సముద్రమునకు ఆవలి గట్టున, అల్లుని కంచములో చెంచాడు తొక్కు, దానిపై, "ఉప్పు జర తక్కువైంది మామా. అత్తమ్మతోని నేనంటే బాగుండదు, నడుమ నువ్వుండి మెల్లగ చెప్పు" అని అల్లుడు అప్పగించిన కొత్త దలాలీ.